లారీ ఇంజిన్‌లో ఇంజెక్టర్ లోపం: కనిపెట్టే క్రమం

డీజిల్ మెకానిక్ పని నేర్చుకుంటున్న యువకుల కోసం, ఒకటి రెండు లారీలు పెట్టుకుని బతుకుతున్న యజమానుల కోసం ఈ పాఠం రాస్తున్నాం. షెడ్డులో ఉస్తాద్ పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్న పని చేతికి వస్తుంది. అయితే ఆ పని ఎందుకు అలా చేయాలో ఎవరైనా విడమరచి చెబితేనే అది బుద్ధికి ఎక్కుతుంది. ఆ విడమరచి చెప్పడమే ఇక్కడ మా ప్రయత్నం.

ఇంజెక్టర్‌నే ఎందుకు ఎంచుకున్నామో ముందు చెబుతాం. బండి లాగడం లేదన్నా, నల్ల పొగ వస్తోందన్నా, సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కావడం లేదన్నా ఇప్పుడు చాలాచోట్ల మొదట వినిపించే మాట “ఇంజెక్టర్లు పోయాయి” అనేదే. ఆరు సిలిండర్ల బండికి ఆరు ఇంజెక్టర్లు. కొత్త తరం ఇంజిన్లలో వాటి ఖరీదు ఒక్క లారీ యజమాని నెలల సంపాదనను మింగేస్తుంది. ఆరూ మార్చాక కూడా పొగ తగ్గకపోతే ఆ యజమాని కిస్తీ కట్టలేడు, డ్రైవరుకు బత్తా ఇవ్వలేడు. ఆ షెడ్డు గుమ్మం మళ్లీ తొక్కడు. రోగం తేల్చకుండా మందు వేయకూడదన్న సంగతి వైద్యుడికి ఎంత అవసరమో మెకానిక్‌కూ అంతే అవసరం.

ఇంజెక్టర్ చేసే పని

డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్గు ఉండదు. గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు కుదించినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అయితే డీజిల్ ధారగా పడితే సరిగా కాలదు. మంచులా, సన్నని తుంపరగా, సరైన క్షణంలో, సరైన కొలతలో పడాలి. ఆ పని చేసేదే ఇంజెక్టర్.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజిన్‌ను విజయవంతంగా నడిపి చూపినప్పుడు ఇంధనాన్ని లోపలికి చిమ్మడానికి కుదించిన గాలినే వాడాడు. దానికి పెద్ద కంప్రెసర్ కావాలి కనుక అది లారీకి పనికొచ్చే ఏర్పాటు కాదు. 1927లో బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక లారీల్లో డీజిల్ ఇంజిన్ వాడకం బాగా పెరిగింది. మన దేశంలో 1951లో బెంగళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. దాని పొట్టి పేరే మైకో. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ అని మారినా, మన షెడ్లలో పాత ఉస్తాద్‌లు ఇప్పటికీ “మైకో పంపు” అనే అంటారు.

ఇంజెక్టర్ లోపల సూది, దాని గూడు ఒకదానికొకటి ఎంత బిగువుగా అమరి ఉంటాయంటే, మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు మాత్రమే. తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. అంటే కంటికి కనపడని దుమ్ము కూడా ఆ సందులో బండరాయితో సమానం. ఇక పని ఎంత ఉందో చూడండి. ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌కు నిమిషానికి 750 సార్లు డీజిల్ అందాలి. ఎనిమిది గంటల ప్రయాణంలో అది 3 లక్షల 60 వేల సార్లు. ఇంత పని చేసే వస్తువు అరగడం సహజం. అయితే ఏది అరిగిందో, ఎంత అరిగిందో కొలిచి చెప్పడం మన బాధ్యత.

ముందు ఇంజిన్ జాతి తెలుసుకోవాలి

షెడ్డులోకి వచ్చే లారీలు ముఖ్యంగా రెండు జాతులు. మొదటిది పాత పద్ధతి. పంపు నుంచి ఒక్కో సిలిండర్‌కు ఒక్కో పైపు వెళ్తుంది. పంపు నెట్టిన ఒత్తిడికి ఇంజెక్టర్‌లోని స్ప్రింగు వెనక్కి వెళ్లి సూది లేస్తుంది. ఈ ఇంజెక్టర్లు చాలావరకు 200 నుంచి 250 బార్ దగ్గర తెరుచుకుంటాయి.

రెండోది కామన్ రైల్. లారీల్లో ఇది మొదట 1995లో జపాన్‌లో హీనో బండికి వచ్చింది. మన దగ్గర బీఎస్-4 దేశమంతటా అమలైన 2017 నుంచి, బీఎస్-6 అమలైన 2020 నుంచి లారీల్లో ఇదే ఎక్కువ. ఇందులో పంపు డీజిల్‌ను ఒక లావుపాటి ఉక్కు గొట్టంలో నిలవ చేస్తుంది. ఆ గొట్టమే రైల్. ఎప్పుడు, ఎంతసేపు తెరవాలో ఈసీయూ కరెంటు పంపి ఇంజెక్టర్‌కు చెబుతుంది. లోడు మీద ఈ రైల్‌లో ఒత్తిడి 1600 బార్, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ ఉంటుంది. లారీ టైరులో గాలి దాదాపు ఎనిమిది బార్. దానికి రెండు వందల రెట్లు అన్నమాట.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, పాత ఇంజిన్ మీద నేర్చుకున్న కొన్ని అలవాట్లు కొత్త ఇంజిన్ మీద ప్రాణం మీదికి తెస్తాయి. అది కింద చెబుతాం.

చేయి పెట్టక ముందు అడగాల్సిన ప్రశ్నలు

స్పానర్ పట్టుకునే ముందు డ్రైవర్‌తో పది నిమిషాలు మాట్లాడాలి. బండి రోజంతా నడిపేది అతను. ఈ బాధ ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగా పెరిగిందా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఖాళీగా ఉన్నప్పుడా, లోడు మీద ఘాట్ ఎక్కేటప్పుడా? చివరిసారి డీజిల్ ఎక్కడ పోయించాడు? ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? ఈ మధ్య ఎవరైనా పైపులు విప్పారా? ఇంజిన్ ఆయిల్ మట్టం తగ్గుతోందా, పెరుగుతోందా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఆయిల్ తగ్గడం అందరికీ తెలిసిన సంగతే. పెరగడం ప్రమాద సూచన. ఇంజెక్టర్ మూసుకోకుండా కారుతుంటే, కాలని డీజిల్ లైనర్ వెంబడి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పలచగా, డీజిల్ వాసనతో ఉంటుంది. అలాంటి బండిని ఇంకో ట్రిప్పు నడపమని ఎవరూ చెప్పకూడదు. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. కారే ఇంజెక్టర్ పిస్టన్ తలకు బొక్క కూడా పెట్టగలదు.

పొగ చెప్పే మాట

నల్ల పొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదని అర్థం. డీజిల్ ఎక్కువైనా కావచ్చు, గాలి తక్కువైనా కావచ్చు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, టర్బో నుంచి వచ్చే గొట్టం చిరిగినా నల్ల పొగే వస్తుంది. కాబట్టి నల్ల పొగ చూసి ఇంజెక్టర్ మీద తీర్పు చెప్పకూడదు.

తెల్ల పొగ కళ్లు మండిస్తూ డీజిల్ వాసన వేస్తే అది కాలని డీజిల్. తుంపర సరిగా లేకపోయినా, టైమింగ్ ఆలస్యమైనా, కంప్రెషన్ తక్కువైనా ఇలా వస్తుంది. చలి పొద్దున కాసేపు వచ్చి ఆగిపోతే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ తెల్లగా ఆవిరిలా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. నీలి పొగ ఇంజిన్ ఆయిల్ కాలడం వల్ల వచ్చేది. దానికి ఇంజెక్టర్‌తో సాధారణంగా సంబంధం ఉండదు.

ఒకటా, ఆరూనా?

ఈ పాఠంలో గుర్తుంచుకోవాల్సిన ముఖ్య సూత్రం ఇది. లోపం ఒక సిలిండర్‌దా, అన్ని సిలిండర్లదా అన్నది ముందు తేల్చాలి. ఇంజిన్ మిస్ కొడుతూ, లయ తప్పి ఊగుతుంటే ఒకటో రెండో సిలిండర్లు సరిగా పనిచేయడం లేదు. అప్పుడు ఇంజెక్టర్‌ను అనుమానించవచ్చు. లయ బాగానే ఉండి మొత్తంగా బలం తగ్గితే ఆరు ఇంజెక్టర్లూ ఒకే రోజున ఒకే తీరుగా పాడవడం అరుదు. అప్పుడు ఆరింటికీ కలిసి వచ్చే దారిని చూడాలి: ట్యాంకు, గొట్టాలు, ఫిల్టర్లు, ఫీడ్ పంపు, టర్బో.

కాబట్టి ఇంజెక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వరుసగా ఇవి చూడండి. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల బిగింపులు. డీజిల్ ఫిల్టర్, దాని కింద నీళ్లు పట్టే గిన్నె. డీజిల్ దారిలో ఎక్కడైనా గాలి పడుతోందా అన్నది. ఫిల్టర్‌కు వచ్చే గొట్టంలో కాసేపు పారదర్శకమైన గొట్టం ముక్క పెట్టి చూస్తే బుడగలు కనిపిస్తాయి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారిలో డీజిల్ బయటికి కారకపోయినా గాలి లోపలికి పీల్చుకోవచ్చు. ఆ తర్వాత వాల్వ్ క్లియరెన్స్. అనుమానం ఉంటే కంప్రెషన్. కంప్రెషన్ పోయిన సిలిండర్‌లో బంగారం లాంటి ఇంజెక్టర్ పెట్టినా ప్రయోజనం లేదు.

పాత పద్ధతి ఇంజిన్‌లో పరీక్ష

ఇంజిన్ వేడెక్కాక స్లో స్పీడులో ఉంచి, ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టును అర చుట్టు వదులు చేయాలి. ఆ సిలిండర్‌కు డీజిల్ ఆగుతుంది. ఇంజిన్ చప్పుడు మారి వేగం పడిపోతే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. ఏ మార్పూ లేకపోతే ఆ సిలిండర్ అప్పటికే పనిచేయడం లేదన్నమాట. నట్టు మళ్లీ బిగించి రెండోదానికి వెళ్లాలి. కళ్లద్దాలు పెట్టుకోవాలి, నట్టు మీద గుడ్డ కప్పాలి, మొహం పక్కకు ఉంచాలి.

ఇలా దొరికిన సిలిండర్‌లో తప్పు ఇంజెక్టర్‌దేనా? ఇంకా తెలియదు. ఇంజిన్ ఆపి ఆ ఇంజెక్టర్‌ను తీసి పక్క సిలిండర్‌లో, పక్కదాన్ని ఇక్కడ పెట్టి మళ్లీ చూడాలి. లోపం ఇంజెక్టర్‌తో పాటు పక్కకు వెళ్తే దోషి ఇంజెక్టరే. లోపం పాత చోటే ఉంటే పంపులోని ఎలిమెంట్, డెలివరీ వాల్వ్, కంప్రెషన్ చూడాలి. ఈ అదలు బదలుకు అయ్యే ఖర్చు రెండు రాగి వాషర్లు, కాస్త సమయం. అది ఆదా చేసే డబ్బు ఎన్నో రెట్లు.

ఒక సిలిండర్ నుంచి ఠకఠక శబ్దం వస్తూ, నట్టు వదులు చేయగానే తగ్గితే అది ఇంజెక్టర్ నాకింగ్ అని చాలామంది తేల్చేస్తారు. కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయినా సిలిండర్ పని ఆపితే శబ్దం తగ్గుతుంది. అందుకే ఆయిల్ ప్రెషర్, ఆయిల్‌లో ఇనుప రజను కూడా చూశాకే మాట చెప్పాలి.

తీసిన ఇంజెక్టర్‌ను చేతి పంపు ఉన్న నాజిల్ టెస్టర్ మీద పెట్టి నాలుగు సంగతులు చూడాలి. ఒకటి, కంపెనీ చెప్పిన ఒత్తిడి దగ్గర తెరుచుకుంటోందా? స్ప్రింగు అలసిపోతే ముందే తెరుచుకుంటుంది. రెండు, అన్ని రంధ్రాల నుంచీ సమానంగా తుంపర వస్తోందా, ఏదైనా ధారగా పడుతోందా? మూడు, తెరుచుకునే ఒత్తిడికి 20 బార్ తక్కువలో పది సెకన్లు ఉంచితే మొన నుంచి చుక్క రాలుతోందా? రాలకూడదు. నాలుగు, వెనక రిటర్న్ వైపు ఒత్తిడి త్వరగా జారిపోతోందా? జారితే సూది, గూడు అరిగినట్టే.

కామన్ రైల్ ఇంజిన్‌లో పరీక్ష

ఇక్కడ మొదటి నియమం: ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేయకూడదు. ఎంత అనుభవం ఉన్నా చేయకూడదు. ఆపాక కూడా కంపెనీ చెప్పినంతసేపు ఆగి, రైల్‌లో ఒత్తిడి దిగిందని స్కానర్‌లో చూసుకున్నాకే విప్పాలి.

రెండో నియమం: ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ వైరు కనెక్టర్ లాగకూడదు. ఈసీయూ ఆ వైరుకు బ్యాటరీ వోల్టేజీ కంటే చాలా ఎక్కువ, 50 వోల్టులకు పైనే పంపుతుంది. అలాగే ఇంజెక్టర్ పనిచేస్తోందో లేదో చూడాలని నేరుగా బ్యాటరీ వైర్లు తగిలించకూడదు. కాయిల్ కాలిపోతుంది.

పాత ఇంజిన్‌లో నట్టు వదులు చేసి చూసిన పనినే ఇక్కడ స్కానర్ చేస్తుంది. ఒక్కో సిలిండర్‌ను ఆపి చూసే పరీక్ష దాదాపు అన్ని కంపెనీల స్కానర్లలోనూ ఉంటుంది. ఆపినా ఇంజిన్‌లో మార్పు లేకపోతే ఆ సిలిండర్ బలహీనం. దానితో పాటు ఒక్కో సిలిండర్‌కు ఈసీయూ ఎంత డీజిల్ సర్దుబాటు చేస్తోందో కూడా చూడవచ్చు. ఒకదానికి బాగా కలుపుతోందంటే ఆ సిలిండర్ నీరసంగా ఉంది. బాగా తగ్గిస్తోందంటే ఆ ఇంజెక్టర్ అవసరానికి మించి పోస్తోంది. నీరసం ఇంజెక్టర్ వల్లా, కంప్రెషన్ వల్లా అన్నది స్కానర్ చెప్పలేదు. అది మనం తేల్చాలి.

స్కానర్‌లో ఫాల్ట్ కోడ్ కనపడగానే ఆ పేరున్న సామాను కొనిపించడం ఇప్పుడు పెరిగిన అలవాటు. కోడ్ అంటే ఈసీయూ చేసిన ఫిర్యాదు మాత్రమే. రైల్ ప్రెషర్ తక్కువ అని కోడ్ వస్తే ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, గాలి పడి ఉండొచ్చు, పంపు అరిగి ఉండొచ్చు, రైల్ మీది రిలీఫ్ వాల్వ్ కారుతుండొచ్చు, ఇంజెక్టర్ రిటర్న్ ఎక్కువై ఉండొచ్చు. ఐదుగురు అనుమానితుల్లో ఒకరిని పట్టుకోవడమే మన విద్య.

ఇంజెక్టర్ల వైర్లు విప్పి మీటరుతో ఓమ్స్ కూడా కొలవాలి. ఇంజిన్ ఆపి ఉండగానే. కాయిల్ ఉన్న ఇంజెక్టర్లలో చాలావరకు ఒక ఓమ్ కంటే తక్కువే చూపిస్తాయి. ముందు మీటరు తీగలు రెండూ కలిపి వచ్చే అంకెను తీసివేయాలి. ఆరింటినీ ఒకదానితో ఒకటి పోల్చాలి. ఒకటి మిగతావాటికి దూరంగా ఉంటే అక్కడ ఆగాలి. ఇంజెక్టర్ తీసే ముందు దాని కనెక్టర్, ఇంజిన్ మీద ఒరుసుకునే వైర్ల కట్ట చూడాలి. వైరు తెగిన చోట కొత్త ఇంజెక్టర్ కూడా పలకదు.

రిటర్న్ పరీక్ష ఈ ఇంజిన్లకు ఆయువుపట్టు. ప్రతి ఇంజెక్టర్ నుంచి కొంత డీజిల్ వెనక్కి వస్తుంది. లోపలి వాల్వ్ అరిగితే ఎక్కువగా వస్తుంది. రిటర్న్ గొట్టాలు విడివిడిగా ఉన్న ఇంజిన్‌లో ఒకే కొలత ఉన్న ఆరు సీసాలకు ఆరు గొట్టాలు పెట్టి, ఒక నిమిషం స్లోలో నడిపి మట్టాలు పోల్చాలి. స్టార్టే కాకపోతే సెల్ఫ్ కొట్టి చూడాలి. కొన్ని ఇంజిన్లలో రిటర్న్ దారి హెడ్ లోపలే ఉంటుంది. అక్కడ ఇంజిన్ ఆపి, ఒత్తిడి దిగాక, రైల్ మీద ఒక్కో ఇంజెక్టర్ దారిని కంపెనీ ఇచ్చిన మూతతో బిగించి, సెల్ఫ్ కొట్టి చూడాలి. ఏది మూసినప్పుడు రైల్ ప్రెషర్ ఠక్కున పెరిగిందో ఆ ఇంజెక్టరే ఒత్తిడిని వదిలేస్తోంది.

ఒక హెచ్చరిక. రిటర్న్ సమానంగా ఉంటే ఇంజెక్టర్ మంచిదని కాదు. రిటర్న్ పరీక్ష లోపలి కారుడును మాత్రమే పట్టిస్తుంది. మొన నుంచి చుక్కలు రాలడం, తుంపర చెడిపోవడం సీసాలో కనపడవు. వాటికి కామన్ రైల్ టెస్ట్ బెంచ్ ఉన్న షాపుకు పంపాల్సిందే. పాత చేతి టెస్టర్ ఇక్కడ పనికిరాదు.

ఒక ఉదాహరణ

జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లోడుతో ఒక ఆరు సిలిండర్ల బీఎస్-4 లారీ విజయవాడ ఆటోనగర్‌కు వచ్చిందనుకుందాం. డ్రైవర్ చెప్పింది: పొద్దున చల్లగా ఉన్నప్పుడు సుఖంగా స్టార్ట్ అవుతుంది, దారిలో టీ తాగడానికి ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరిగి గానీ అందుకోదు.

ఈ మాటలోనే ఆనవాలు ఉంది. డీజిల్ వేడెక్కితే పలచబడుతుంది. పలచబడితే అరిగిన సందుల్లోంచి ఎక్కువ కారుతుంది. అంటే ఎక్కడో ఒత్తిడి కారిపోతోందన్న అనుమానానికి బలం వచ్చింది. అయినా తొందరపడం. ఎయిర్ ఫిల్టర్ బాగుంది. పారదర్శకమైన గొట్టంలో బుడగలు లేవు. ఫిల్టర్ గిన్నెలో మాత్రం నీళ్లు కనిపించాయి. అది కాగితం మీద రాసుకున్నాం. స్కానర్ పెట్టి వేడి మీద సెల్ఫ్ కొడితే రైల్ ప్రెషర్ 110 బార్ దాటడం లేదు. ఈ ఇంజిన్ అందుకోవడానికి కనీసం 200 బార్ కావాలని మాన్యువల్ అంటోంది. రైల్ మీది రిలీఫ్ వాల్వ్ రిటర్న్ గొట్టం విప్పి చూస్తే పొడిగా ఉంది. అది నిర్దోషి.

ఇప్పుడు ఆరు సీసాలు. ఒక నిమిషంలో ఐదింటిలో 20 నుంచి 24 మిల్లీలీటర్లు. నాలుగో దాంట్లో 70. దారి దొరికింది. నాలుగో ఇంజెక్టర్ దారి మూసి సెల్ఫ్ కొడితే రైల్ ప్రెషర్ పైకి లేచింది. సాక్ష్యం రెండు వైపుల నుంచీ కలిసింది. ఆరు మార్చాల్సిన చోట ఒకటి మార్చి లేదా బెంచ్ మీద బాగు చేయించి, బండిని పంపవచ్చు. యజమాని ఖర్చు ఆరో వంతు. మిగతా ఐదింటి కొలతలు కాగితం మీద ఉన్నాయి కనుక ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు ఏది ఎంత అరిగిందో తెలుస్తుంది.

పని ఇక్కడితో అయిపోలేదు. నాలుగోది ఎందుకు పోయింది? గిన్నెలో నీళ్లున్నాయని రాసుకున్నాం. ట్యాంకు అడుగున నీరు, తుప్పు ఉంటే కొత్త ఇంజెక్టర్ కూడా అదే దారిన పోతుంది. ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు మార్చి, గిన్నెలో నీళ్లు రోజూ వదలమని డ్రైవర్‌కు చూపించి చెబితేనే ఆ రిపేరు పూర్తయినట్టు.

బిగించేటప్పుడు

ఇంజెక్టర్ విప్పే ముందు చుట్టూ కడిగి, గాలి కొట్టి శుభ్రం చేయాలి. విప్పిన వెంటనే పైపుల నోళ్లకు, రంధ్రాలకు మూతలు పెట్టాలి. బనియన్ వేస్ట్ దూదిపోగులు వదులుతుంది కనుక ఆ నోళ్లు తుడవడానికి పనికిరాదు. కొత్త ఇంజెక్టర్‌ను బిగించే క్షణం దాకా కవరు లోంచి తీయకూడదు.

పాత రాగి వాషర్ మళ్లీ వాడకూడదు. అది కింద అతుక్కుని ఉండిపోతే చూడకుండా దాని మీదే కొత్తది వేసే ప్రమాదం ఉంది. రెండు వాషర్లు పడితే ఇంజెక్టర్ పైకి లేచి తుంపర పడాల్సిన చోట పడదు. గూడులో మసి గీకి, వాషర్ ఒక్కటే ఉందని వేలితో తడిమి చూసుకోవాలి. వాషర్ దగ్గర గ్యాస్ కారితే చుఫ్ చుఫ్ అని చప్పుడు వస్తుంది, చుట్టూ తారులా నల్లగా పేరుకుంటుంది. బిగింపు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్ చెప్పిన అంకె వరకే. హై ప్రెషర్ పైపులు మళ్లీ వాడవచ్చా, మార్చాలా అన్నది కూడా మాన్యువల్ చెప్పినట్టే.

చాలా కామన్ రైల్ ఇంజెక్టర్ల మీద ఒక కోడ్ చెక్కి ఉంటుంది. ఆ ఇంజెక్టర్ కొలతలో ఉన్న చిన్న తేడా అందులో ఉంటుంది. ఈసీయూ ఆ కోడ్ అడిగే ఇంజిన్ అయితే దాన్ని స్కానర్‌తో ఎక్కించాలి. ఇంజెక్టర్లను ఒక సిలిండర్ నుంచి ఇంకో సిలిండర్‌కు మార్చినా కోడ్ మార్చాల్సిందే. లేకపోతే మంచి ఇంజెక్టర్ కూడా చెడ్డదానిలా నడుస్తుంది. బీఎస్-6 బండ్లలో కారే ఇంజెక్టర్‌ను అలాగే వదిలితే పొగ మసి పట్టే డీపీఎఫ్ కూడా త్వరగా నిండుతుంది. ఒక ఖర్చు రెండు ఖర్చులవుతుంది. ఆ బండ్లలో పొగ శుద్ధికి వాడే డెఫ్ ద్రవాన్ని పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ట్యాంకు ఖాళీ చేయించాలి. స్టార్ట్ చేస్తే పంపు, ఇంజెక్టర్లు అన్నీ పాడవుతాయి.

చేతులు జాగ్రత్త

హై ప్రెషర్ పైపు ఎక్కడ కారుతోందో చూడడానికి చేయి పెట్టకండి. ఆ సన్నని ధార తొడుగును, చర్మాన్ని దాటి కండలోకి దూరుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనపడుతుంది. మొదట నొప్పి కూడా ఎక్కువ ఉండకపోవచ్చు. పసుపు పూసి, గుడ్డ కట్టుకుని పనిలో పడతారు. లోపల డీజిల్ కండను చంపుతూ పోతుంది. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి రావచ్చు. డీజిల్ ధార చర్మంలోకి దూరిందన్న అనుమానం ఉంటే చాలు, వెంటనే శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి వెళ్లి, “ఒత్తిడితో డీజిల్ లోపలికి దూరింది” అని డాక్టరుతో స్పష్టంగా చెప్పాలి. చిన్న గాయమని పంపేస్తే ఒప్పుకోకూడదు. కారుడు చూడడానికి అట్టముక్క వాడండి. నాజిల్ టెస్టర్ మీది తుంపర కింద కూడా ఎప్పుడూ వేలు పెట్టవద్దు.

షెడ్డులో పనిచేసే కుర్రవాళ్లలో చాలామందికి ఇంటి బరువు ఆ రెండు చేతుల మీదే ఉంటుంది. వాళ్లకు మొదటి రోజున స్పానర్ ఇచ్చే ముందు ఈ పేరా చదివి వినిపించమని ఉస్తాద్‌లను కోరుతున్నాం.

యజమానికి లెక్క చెప్పడం

పని పూర్తయ్యాక మూడు పనులు చేయమని మా సలహా. తీసిన పాత ఇంజెక్టర్ యజమాని చేతికి ఇవ్వండి. ఏ పరీక్షలో ఏ అంకె వచ్చిందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. లోపం మళ్లీ రాకుండా అతను చేయాల్సిన పని ఒకటి రెండు మాటల్లో చెప్పండి: నమ్మకమైన బంకులో డీజిల్, సమయానికి ఫిల్టర్, రోజూ నీళ్లు వదలడం. డబ్బాల్లో దొరికే చౌక డీజిల్‌లో కిరోసిన్ కలిస్తే పంపుకు, ఇంజెక్టర్లకు కావాల్సిన జిడ్డు తగ్గి అవి త్వరగా అరుగుతాయని కూడా చెప్పండి.

లారీ యజమానులకు కూడా ఒక మాట. ఆరు ఇంజెక్టర్లూ మార్చాలని ఎవరైనా చెబితే కోపగించుకోకుండా, “ఏ పరీక్ష చేశారు, ఏ కొలత వచ్చింది?” అని అడగండి. కొన్నిసార్లు ఆరూ నిజంగానే అరిగి ఉండవచ్చు. ఎన్నో లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిలో, కలుషితమైన డీజిల్ పోసిన బండిలో అది జరుగుతుంది. అప్పుడు ఆరు సీసాల్లోనూ ఆ సంగతి కనపడుతుంది. కొలిచి చెప్పిన మెకానిక్ అడిగిన కూలి ఇవ్వండి. పరీక్షకు పట్టిన రెండు గంటలు కూడా పనే. సామాను మార్చినందుకే డబ్బిచ్చి, లోపం కనిపెట్టినందుకు ఇవ్వకపోతే మెకానిక్‌లు సామాను మార్చడమే నేర్చుకుంటారు.